మొదటి అనుమానం

మొన్న ఒక కుర్రాడు గిటార్ ఆంప్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచి స్పీకర్‌కి పంపే పెట్టె, మోసుకొచ్చాడు. గాజు వాల్వులతో నడిచే ఆంప్, రెండు చానెళ్ళది, ఒకటి క్లీన్ (శుభ్రమైన శబ్దం), ఇంకోటి డ్రైవ్ (గరగరలాడే శబ్దం). "చానెల్ మారట్లేదు అంకుల్. మొదట్లో బాగానే ఉంటుంది. అరగంట వాయించాక ఫుట్‌స్విచ్ ఎంత తొక్కినా క్లీన్‌లోనే ఉండిపోతుంది, కాసేపటికి దానంతటదే మళ్ళీ మారుతుంది" అన్నాడు. నేను ఆంపులు బాగుచేసే పని మానేసి చాలా ఏళ్ళయింది, కళ్ళు కూడా మునుపటిలా లేవు, కుదరదని చెబుదామనే నోరు తెరిచాను. ఈలోపే వాడు ప్లగ్గు పెట్టి స్విచ్ వేసేశాడు.

వాల్వులు వేడెక్కేటప్పుడు వాటి మీద పేరుకున్న దుమ్ము కాలి ఒక వాసన వస్తుంది. దానికి తోడు లోపల ఎవరో ఈమధ్యే టంకం పెట్టి సరిగ్గా తుడవకుండా వదిలేసినట్టున్నారు, టంకంతో వచ్చే ఆ రోజిన్ జిగురు కూడా వెచ్చబడింది. ఆ రెండు వాసనలూ కలిసి ముక్కుకి తగిలి ఎన్నాళ్ళయిందో. పదిహేనేళ్ళ వయసులో, తెగిపోయిన గిటార్ వైరు చేతిలో పట్టుకుని, ఆంపులు బాగుచేసే మాస్టారి గది గుమ్మంలో నిలబడ్డప్పుడు మొట్టమొదట తగిలింది సరిగ్గా ఇదే.

"అక్కడ పెట్టు, చూద్దాం" అన్నాను.

ఆ గది

పెద్ద గదేం కాదు. పొడుగాటి చెక్క బల్ల, దాని నిండా సోల్డరింగ్ ఐరన్ కాల్చిన మచ్చలు. గోడవారగా బోర్లించిన ఆంపులు, ప్రతిదానికీ కాగితం మీద నంబరు రాసి అతికించి ఉండేది. మూలన పెట్టె లేని ఒట్టి పన్నెండంగుళాల స్పీకరు, ఎప్పుడూ ఏదో ఒక ఆంప్ తాలూకు సన్నటి బుస వినిపిస్తూనే ఉండేది అందులోంచి. పొద్దున్నే నా మొదటి పని స్పాంజి తడపడం, సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేయడం, అది కాగాక మొనని స్పాంజికి రాసి కొత్త టంకం పూయడం. చుయ్‌మని ఆ శబ్దం వచ్చిందంటే పని మొదలైనట్టు. అప్పటి మా ఐరన్‌కి వేడి పెంచే తగ్గించే ఏర్పాటేం లేదు, మొన రంగు చూసి, టంకం కరిగే తీరు చూసి మనమే తెలుసుకోవాలి.

నేను వెళ్ళింది వైరు అతికించుకుని వచ్చేద్దామని. మాస్టారు అతికించి ఇవ్వలేదు. ఐరన్ నా చేతికిచ్చి "నువ్వే పెట్టు" అన్నారు. నేను పెట్టింది ముద్దలా, బూడిదరంగులో నిలిచింది. భూతద్దంలోంచి చూసి, "ఇది అంటుకోలేదురా అబ్బాయ్, ఊరికే కూర్చుంది" అన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. నాలుగోసారికి మెరిసింది. వైరు తీసుకుని ఇంటికెళ్ళిపోయాను, మర్నాడు మళ్ళీ వెళ్ళాను, అలా ఎనిమిదేళ్ళు వెళ్తూనే ఉన్నాను.

బల్ల సొరుగులో ఒక నోటుపుస్తకం ఉండేది. నాలుగు గళ్ళు. తెచ్చినవాళ్ళు ఏం చెప్పారు, మన మొదటి అనుమానం ఏమిటి, చివరికి దొరికింది ఏమిటి, ఎంతసేపు పట్టింది. స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే రెండో గడి నింపాలి, పెన్నుతో, కొట్టివేతలు లేకుండా. ఎందుకని అడిగితే చెప్పేవారు కాదు. కొన్నాళ్ళకి పాత పేజీలు తిరగేస్తే నాకే అర్థమైంది. రెండో గడీ మూడో గడీ కలిసిన పేజీలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆయన రాసిన పేజీల్లో కూడా అంతే, నాకు భలే సంతోషం వేసింది అప్పుడు.

పాట దారి, మాట దారి

పాత ఆంపుల్లో ఈ చానెల్ గొడవ లేదు. రెండు చానెళ్ళున్నా ఒకదాంట్లోంచి వైరు పీకి రెండోదాంట్లో గుచ్చుకోవాల్సిందే. కాలితో తొక్కి మార్చుకునే ఆంపులు 1970ల చివర్లో కనబడ్డం మొదలై 80ల్లో ఎక్కడ చూసినా అవే అయ్యాయి. వాయించేవాళ్ళకి సుఖం, మాకు చేతినిండా పని.

మొదట్లో నేను ఇలాంటి ఆంప్ విప్పితే కంగారుపడిపోయేవాణ్ని. ఎక్కడ చూసినా తీగలే. మాస్టారు ఒకే ఒక్క మాట చెప్పారు. "పాట వెళ్ళే దారి వేరు, మాట వెళ్ళే దారి వేరు. ముందు ఏ దారి మూసుకుందో తేల్చు, తర్వాతే మీటర్ ముట్టుకో."

పాట అంటే గిటార్ నుంచి వాల్వుల మీదుగా స్పీకర్‌కి వెళ్ళే శబ్దం. మాట అంటే కాలు ఇచ్చే ఆజ్ఞ. తొక్కగానే ఫుట్‌స్విచ్ ఒక తీగని ఎర్త్‌కి కలుపుతుంది, ఆ తీగ లోపల ఒక ట్రాన్సిస్టర్‌ని లేపుతుంది, అది రిలేని, అంటే కరెంటుతో కదిలే చిన్న స్విచ్‌ని, లాగుతుంది, రిలే పాటని ఇటునుంచి అటు మళ్ళిస్తుంది. చానెల్ లైటు మారుతోంది గానీ శబ్దం మారట్లేదంటే కథ ఒకటి, లైటు కూడా మారట్లేదంటే కథ వేరొకటి. డ్రైవ్ చానెల్‌లో వాల్వు చచ్చిపోయి ఉంటే స్విచింగ్ ఎంత బాగున్నా అందులోంచి శబ్దం రాదు కదా. అలాంటి ఆంపుల్లో "చానెల్ మారట్లేదు" అన్న ఫిర్యాదు పట్టుకుని రోజంతా రిలే చుట్టూ తిరిగిన మహానుభావుల్లో నేనూ ఉన్నాను. (నోటుపుస్తకంలో ఉంది. ఎంతసేపు: ఒక రోజు. మూడో గడిలో ఒకటే మాట: వాల్వు.)

మాట దారిని తేల్చడానికి మా దగ్గర మూగ ప్లగ్ అని ఒకటి ఉండేది. మామూలు జాక్ ప్లగ్గే, వైరు ఉండదు, లోపల కొననీ ఒంటినీ ఒక చిన్న తీగతో కలిపి టంకం పెట్టేశారు మాస్టారు, గుర్తుకి పైన ఎర్ర టేపు చుట్టారు. ఫుట్‌స్విచ్ పీకేసి దాన్ని గుచ్చితే, ఎవరో స్విచ్ తొక్కి అలాగే పట్టుకున్నట్టు. చానెల్ మారిందా, ఆంప్ నిర్దోషి, ఫుట్‌స్విచ్‌నో దాని వైరునో చూసుకో. మారలేదా, అప్పుడు మూత విప్పు. పది సెకన్ల పని. ఎన్ని ఆంపులు మూత విప్పకుండానే ఆ గదిలోంచి తిరిగి వెళ్ళాయో! పాపం కాలి కింద పడి నలిగేది ఆ వైరే, తొక్కుడు తినేది ఆ స్విచ్చే, కానీ తప్పంతా ఆంప్‌దే అని తెచ్చేవాళ్ళు.

ఫుట్‌స్విచ్ జాక్ కూడా తక్కువదేం కాదు. చాలా ఆంపుల్లో ముందుపక్క చానెల్ బొత్తానికి వెళ్ళే తీగ ఈ జాక్‌లోని చిన్న రేకు మీదుగా వెళ్తుంది. ప్లగ్ గుచ్చితే ఆ రేకు విడిపోయి పెత్తనం కాలికి వెళ్తుంది, తీసేస్తే రేకు మళ్ళీ తగిలి బొత్తానికి వస్తుంది. ఏళ్ళ తరబడి వాడక ఆ రేకు నల్లబడితే బొత్తం ఎంత నొక్కినా ఉలకదు పలకదు. నాలుగుసార్లు ప్లగ్ గుచ్చి తీస్తే రాపిడికి మళ్ళీ పనిచేస్తుంది, రెండు వారాలకి మళ్ళీ మామూలే. క్లీనర్ కొట్టి, రేకుని కొంచెం వంచితే గానీ అసలు జబ్బు పోదు.

ఒకసారి ఒకాయన ఫుల్ టెన్షన్‌తో వచ్చాడు, మర్నాడు ప్రోగ్రాం ఉంది, ఫుట్‌స్విచ్ పాడైతే కొత్తది కొన్నాడు, అది ఒకసారి తొక్కితే మారట్లేదు, రెండుసార్లు తొక్కితే మారుతోంది. ఆయన ఆంప్‌లోపల ఉన్నది ఫ్లిప్‌ఫ్లాప్ ఐసీ, అంటే తీగ కలిసినప్పుడల్లా ఒకసారి అటూ ఒకసారి ఇటూ మారే చిప్పు, తొక్కి వదిలేసే రకం స్విచ్ కావాలి దానికి. ఆయన తెచ్చుకున్నది తొక్కితే అలాగే పట్టుకుని ఉండే రకం. మొదటి తొక్కుడుకి తీగ కలుస్తుంది, రెండోదానికి విడుతుంది, ఐసీ కలిసినప్పుడు మాత్రమే కదులుతుంది. మాస్టారు డబ్బా విప్పి లోపల స్విచ్ ముక్క ఒక్కటీ మార్చి ఇచ్చారు. ఆయన వెళ్ళాక చాలాసేపు నవ్వుకున్నాం. పాపం అనుకోండి, మేమూ ఏదో ఒకరోజు అలా వెళ్ళినవాళ్ళమే.

టిక్

రిలే మారినప్పుడు టిక్ అని చిన్న శబ్దం. ఆంప్ వాల్యూమ్ తగ్గించి, తొక్కుతూ వింటే చాలు, మాట రిలే దాకా వచ్చిందో లేదో తెలిసిపోతుంది. టిక్ ఉండి చానెల్ మారకపోతే రిలే కాంటాక్టులు పాడైనట్టు, టిక్ లేకపోతే వెనక్కి వెళ్ళాలి. రిలేని లాగే తీగచుట్టకి, అంటే కాయిల్‌కి, కరెంటు వస్తోందా, 12 వోల్టుల రిలేకి 12 వోల్టులు ఉన్నాయా, కాయిల్ తెగిందా. చిన్న రిలే కాయిల్ మీటర్‌కి కొన్ని వందల ఓమ్‌లు చూపిస్తుంది, ఏమీ చూపకపోతే లోపల తీగ తెగిపోయినట్టే. టిక్ బదులు జ్ర్ర్‌మని వణికితే రిలేకిచ్చే కరెంటు ఊగకుండా నిలబెట్టే కెపాసిటర్ ఎండిపోయిందన్నమాట. కొన్ని ఆంపుల్లో ఆ కరెంటు వాల్వుల ఫిలమెంటుకి వెళ్ళే 6.3 వోల్టుల నుంచే తీస్తారు. కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్లు పెట్టి ఏసీని డీసీ చేస్తే అది ఏడున్నర వోల్టుల దాకా వస్తుంది, దాంతో 5 వోల్టుల రిలే హాయిగా నడుస్తుంది. కెపాసిటర్ ఎండితే ఆ ఏడున్నర సెకనుకి వందసార్లు కిందకీ పైకీ ఊగుతుంది, రిలే కూడా దాంతోపాటే.

మాస్టారు టిక్ వినే పద్ధతి వేరు. బల్ల మీద జానెడు వెదురు పుల్ల ఉండేది. దాని ఒక కొస రిలే మీద ఆనించి, రెండో కొస చెవి ముందున్న ఎముకకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, నన్ను తొక్కమనేవారు. నేనేమో దాన్ని పెద్ద విద్య అనుకున్నాను. ఇంటికెళ్ళి పెన్సిల్‌తో ప్రాక్టీస్ కూడా చేశాను గడియారం మీద. వెళ్తూ వెళ్తూ నాలుగేళ్ళయ్యాక ఒకరోజు నేను గుమ్మంలోంచి మూడుసార్లు పిలిస్తే ఆయన తల తిప్పలేదు, పిలుస్తున్నానని తెలియనే లేదు. ఏళ్ళ తరబడి ఆ మూల స్పీకర్ పక్కన కూర్చుని ఆంపులు పూర్తి వాల్యూమ్‌లో పరీక్షించిన మనిషి, సన్నటి శబ్దాలు ఎప్పుడో పోయాయి ఆయనకి. ఆ సంగతి నాకు తెలుసని నేను అనలేదు, ఆయనా చెప్పలేదు. ఆ తర్వాత నుంచి నేను తొక్కగానే "టిక్ వచ్చింది మాస్టారూ" అని కొంచెం గట్టిగా అనడం మొదలుపెట్టాను, అంతే.

నా ఘనకార్యాలు

రిలే కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడ్ ఉంటుంది, మామూలుగా 1ఎన్4007 లాంటిది. కరెంటు ఆపగానే కాయిల్ ఎదురు తిరిగి పెద్ద వోల్టేజీ తంతుంది, ఆ తన్ను ట్రాన్సిస్టర్‌కి తగలకుండా డయోడ్ తన మీద వేసుకుంటుంది. నేను ఒకసారి రిలే మార్చి డయోడ్‌ని తిరగేసి పెట్టాను. తిరగేస్తే అది కాయిల్ పక్కన తెరిచిన గేటు లాంటిది, కరెంటంతా అందులోంచే పోతుంది. తొక్కాను. ట్రాన్సిస్టర్ నుంచి సన్నగా పొగ. మాస్టారు తల ఎత్తకుండానే, వాసన పట్టి, "డయోడ్ గీత ఎటువైపు ఉంది?" అని అడిగారు. చెవి పోయింది గానీ ముక్కు మాత్రం అద్భుతం.

ఇంకోటి, ఇది నవ్వులాట కాదు. మూత విప్పాక మొదటి పని ప్లగ్గు పీకిందో లేదో చూడ్డం, రెండోది పెద్ద కెపాసిటర్ల మీద మీటర్ పెట్టడం. 400 వోల్టులకి పైన ఉంటాయి వాల్వు ఆంపుల్లో. రెసిస్టర్ ఉన్న తీగతో నెమ్మదిగా దించాలి, స్క్రూడ్రైవర్‌తో టప్పున షార్ట్ చేయకూడదు. ఆంప్ ఆన్‌లో ఉంటే ఎడమచెయ్యి జేబులో. ఒకసారి ప్లగ్గు పీకి గంట దాటిన ఆంప్, ఇంకేం ఉంటుందిలే అని నేను చెయ్యి పెట్టబోతే మాస్టారు మణికట్టు పట్టుకుని ఆపి మీటర్ పెట్టారు. 380. చార్జ్ దించే రెసిస్టర్ లోపల తెగిపోయి ఉంది. ఆ రోజు మా ఇద్దరం ఇంకేం పని చేయలేదు.

టిక్ లేని ఆంపులు కూడా వచ్చేవి, రిలే బదులు ఎల్‌డీఆర్. నల్లటి చిన్న డబ్బీలో ఒక బల్బో ఎల్‌ఈడీనో, ఎదురుగా వెలుతురు పడితే కరెంటుకి దారిచ్చే ముక్క. వెలుతురులో కొన్ని వందల ఓమ్‌లు, చీకట్లో లక్షలు. చప్పుడు లేకుండా, మెత్తగా మారుతుంది చానెల్, నాకు ఈ రకమే ఇష్టం. కానీ ముసలిదైతే చీకట్లో కూడా పూర్తిగా మూసుకోదు, క్లీన్ వెనకాల డ్రైవ్ సన్నగా గొణుగుతూ ఉంటుంది. ఇంక మారినప్పుడల్లా టప్ టప్‌మని స్పీకర్ కొట్టుకునే జబ్బు ఒకటి. వాల్వు తర్వాత వచ్చే కెపాసిటర్ డీసీని ఆపకుండా కొద్దిగా కారనిస్తుంటే రిలే కాంటాక్టుకి రెండు వైపులా వోల్టేజీ తేడా వస్తుంది, కలిసినప్పుడు ఆ తేడా పేలుతుంది. కెపాసిటర్ మార్చాలి. కొందరు కాంటాక్టుకి అడ్డంగా ఒక మెగ్ (పది లక్షల ఓమ్‌ల) రెసిస్టర్ పెట్టి రెండు వైపులా సమం చేసేవారు, మాస్టారు కూడా చేసేవారు గానీ, కారే కెపాసిటర్‌ని అలాగే ఉంచి రెసిస్టర్ పెడితే మాత్రం ఊరుకునేవారు కాదు.

స్టేజీ మీద మాత్రమే వచ్చే జబ్బు

ఒక ఆంప్ మూడుసార్లు తిరిగొచ్చింది మా దగ్గరికి. స్టేజీ మీద నలభై నిమిషాలకి చానెల్ ఇరుక్కుపోతుంది, మా బల్ల మీద రోజంతా పెట్టినా కులాసాగా మారుతుంది. మూడోసారి దాని ఓనర్ మొహం చూడలేకపోయాను. మాస్టారు ఆ రోజు ఆంప్ విప్పలేదు. వెనక మూత బిగించి, పైన దుప్పటి కప్పి, ఆన్ చేసి, కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "మూత తీస్తే జబ్బు పారిపోతోందిరా" అన్నారు. ముప్పై అయిదో నిమిషానికి ఇరుక్కుంది.

దుప్పటి తీసి, మూత విప్పి, ఎక్కడ వేడిగా ఉందో దూరం నుంచే అరచేత్తో చూశారు. స్విచింగ్‌కి కరెంటిచ్చే చోట రెండు తెల్లటి సిమెంటు రెసిస్టర్లు, 5 వాట్లవి, బోర్డుకి అతుక్కుపోయి కూర్చున్నాయి. ఒక్కోటి ముప్పై వోల్టుల దాకా తన మీద దించుకుంటోంది, అరవై మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే దాదాపు 2 వాట్ల వేడి, ఆ వేడంతా బోర్డులోకే. బోర్డు అక్కడ గోధుమరంగుకి తిరిగింది. వెనక్కి తిప్పి ఏటవాలుగా లైటు పెట్టి అద్దంలోంచి చూపించారు. రెసిస్టర్ కాలి చుట్టూ టంకంలో వెంట్రుకంత గుండ్రటి పగులు. చల్లగా ఉంటే తగులుతుంది, కాగితే విడుతుంది. మేం మూత తీసి పరీక్షిస్తున్నాం కాబట్టి ఎప్పుడూ కాగలేదు. పాత టంకం పీకి, కాళ్ళు గీకి, రెసిస్టర్లని బోర్డుకి కాస్త ఎత్తులో నిలబెట్టి కొత్త టంకం పెట్టాం. మళ్ళీ రాలేదు ఆ ఆంప్.

ఇప్పుడు చెప్పండి, మొన్నటి కుర్రాడు "అరగంట వాయించాక" అనగానే నాకు ఏం గుర్తొస్తుంది?

మొన్నటి ఆంప్

మాస్టారు పోయాక నోటుపుస్తకాల్లో చివరిది నాకిచ్చారు వాళ్ళమ్మాయి. సగం ఖాళీగా ఉంది. తీసి రాశాను. తెచ్చినవాళ్ళు చెప్పింది: అరగంటకి చానెల్ మారట్లేదు. మొదటి అనుమానం: స్విచింగ్ సప్లై రెసిస్టర్ల దగ్గర డ్రై సోల్డర్ (సరిగ్గా అంటుకోని టంకం). రాసేటప్పుడే ఎంత ధీమాగా ఉందో.

మూగ ప్లగ్ కోసం వెతికాను, దొరకలేదు. పోనీలే, తెలిసిన జబ్బే కదా అనుకున్నాను. "వైరు కొత్తదే అంకుల్" అని కూడా అన్నాడు వాడు. మూత విప్పి, చార్జ్ దించి, మీటర్ చూసి, అద్దం పెట్టుకుని వెతికితే రెసిస్టర్ కాళ్ళ దగ్గర టంకం పాతబడి మసకగా కనిపించింది, పగులు ఉన్నట్టూ లేనట్టూ. ఉన్నట్టే అనుకున్నాను. అన్నీ పీకి కొత్తగా పెట్టాను, చెయ్యి వణికింది గానీ రెండోసారికి మెరిసింది. మూత బిగించి దుప్పటి కప్పి గంటసేపు ఉంచాం. ఫుట్‌స్విచ్‌ని బల్ల మీదే పెట్టుకుని పది నిమిషాలకోసారి చేత్తో నొక్కుతున్నాను. ప్రతిసారీ మారింది. నా మొహంలో వెలుగు వాడు చూసే ఉంటాడు.

వెళ్ళబోతూ వాడు ఫుట్‌స్విచ్ కిందపెట్టి, ఒకసారి వాయించి చూస్తానని గిటార్ తగిలించుకున్నాడు. నిలబడి, కాలితో దాన్ని కొంచెం ముందుకి జరుపుకుని తొక్కాడు. మారలేదు. ఇంకోసారి తొక్కాడు. మారలేదు. నేను వంగి ఫుట్‌స్విచ్ వైరు పట్టుకుని ప్లగ్ మెడ దగ్గర అటూ ఇటూ వంచాను. టిక్, టిక్, టిక్.

వాడు నా వంక చూశాడు. నేను ప్లగ్ మూత తిప్పి వైరు కత్తిరించి, కొస ఒలిచి, మళ్ళీ టంకం పెట్టాను. మూడు నిమిషాలు పట్టిందేమో. వాడు వెళ్ళాక పుస్తకం తెరిచాను.

దొరికింది: ఫుట్‌స్విచ్ వైరు, ప్లగ్ మెడ దగ్గర. ఎంతసేపు: రెండున్నర గంటలు.